మోరల్, ఎథికల్: రెండు విశేషణముల పుట్టుక

ఇంగ్లీషు చదివిన మనవారి నోట తఱచుగా వినవచ్చు విశేషణములలో మోరల్, ఎథికల్ అనునవి రెండు. తెలుగున మాటలాడుచున్నప్పుడు సైతము వీనిని ఉన్నవి యున్నట్లే వాడుట పరిపాటి యైనది. వర్తకుడు తూనికలో మోసగించినచో అది ఎథికల్ కాదందురు. గృహస్థుని నడవడి చెడినచో అది మోరల్ కాదందురు. ఈ రెంటికిని భేదమేమి యని విద్యార్థులు మమ్ము పలుమాఱు అడుగుచుందురు. అడుగుటకు ముందే వారికి రెండు సమాధానములు దొరకియుండును. మోరల్ అనునది వ్యక్తి యొక్క అంతరాత్మకు సంబంధించినది, ఎథికల్ అనునది సంఘము గాని వృత్తి గాని విధించిన నియమములకు సంబంధించినది అనునది మొదటిది. మోరల్ అనగా సంఘమున నడచుచున్న వాడుక, ఎథికల్ అనగా ఆ వాడుకను బుద్ధితో విమర్శించి తేల్చిన తత్త్వము అనునది రెండవది. ఈ రెంటిని పక్కపక్కను బెట్టి చూచినచో ఒకటి తూర్పు ననుచుండ రెండవది పడమర యనుచున్నది. రెంటిని చెప్పువారును చదువుకొన్నవారే.

ఇది నిఘంటువునకు సంబంధించిన చిన్న తగవే యైనచో మేమీ వ్యాసమునకు పూనుకొనము. కాని యీ తగవు క్రింద పెద్ద ప్రశ్న యొకటి దాగియున్నది. మనుష్యుడు చేయదగిన పని యని మనము దేనిని అనుచున్నామో, దానికి ఆ తగుదనము ఎక్కడినుండి వచ్చినది? పదిమందియు చేయుటచేతనా? పెద్దలు వ్రాసియుంచుటచేతనా? లేక చేయువాని బుద్ధి దానిని ఒప్పుకొనుటచేతనా? ఈ ప్రశ్నకు రెండు మాటల చరిత్రమును తోడు తెచ్చుకొన్నచో కొంత వెలుగు కలుగునని మా నమ్మకము.

ముందుగా ఎథికల్ అను మాటను తీసికొందము. ఇది గ్రీకుభాషలోని ఎథొస్, ఏథొస్ అను రెండు శబ్దములతో చుట్టఱికము గలది. ఈ రెంటికిని భేదము మొదటి అచ్చు యొక్క హ్రస్వదీర్ఘములలో నున్నది. ఇంగ్లీషు లిపిలో ఈ భేదము కనబడదు. సంస్కృతమునందు హ్రస్వమైన ఎకారము లేదు. మన తెలుగున ఎ, ఏ అను రెండును ఉండుటచే గ్రీకుల యుచ్చారణను మనము సుకరముగా వ్రాసికొనగలుగుచున్నాము. హ్రస్వముతో నున్న ఎథొస్ అనగా అలవాటు, వాడుక. దీర్ఘముతో నున్న ఏథొస్ అనగా శీలము, స్వభావము. ఎథికల్ అను విశేషణము దీర్ఘశబ్దమునుండి వచ్చినది.

అయితే ఏథొస్ శబ్దమునకు శీలమను అర్థము మొదటినుండియు లేదు. హోమరు కావ్యములలో దానికి అలవాటైన చోటు అని అర్థము. ఇలియడ్‌లో గుఱ్ఱములు వాడుకగా మేయు తావులకును, ఒడిస్సీలో పందులు పండుకొను దొడ్లకును ఈ మాటయే వాడబడినది. కట్టు త్రెంచుకొనిన గుఱ్ఱము ఎవ్వరును తోలకయే తాను మరిగిన పచ్చికవైపు పరుగెత్తును. ఆ చోటు దాని ఏథొస్. తరువాతి కాలమున మనుష్యుని విషయమున ఈ మాట వాడబడినప్పుడు, వాని మనస్సు ఎవ్వరును తోలకయే ఏ దిక్కునకు పోవునో ఆ దిక్కు వాని ఏథొస్ అయినది. శీలమునకు ఇంతకంటె మంచి నిర్వచనము మాకు తోచుటలేదు.

ఈ రెండు శబ్దములకు గల సంబంధమును అరిస్టాటిల్ తన నీతిశాస్త్రగ్రంథపు రెండవ సంపుటము నారంభించుచు ఎత్తి చూపెను. శీలసంబంధమైన గుణము అలవాటువలన కలుగుచున్నదనియు, అందువలననే దాని పేరు కూడ అలవాటను మాటకు కొద్ది మార్పుతో ఏర్పడినదనియు అతని మతము. ఇల్లు కట్టుటచేత కట్టువాడగుచున్నాడు. వీణ వాయించుటచేత వాయించువాడగుచున్నాడు. అట్లే న్యాయమైన పనులు చేయుటచేత న్యాయశీలుడగుచున్నాడు. ఎవ్వడును శీలముతో పుట్టడు. శీలమునకు పాత్రుడై మాత్రము పుట్టును.

ఇక మోరల్ అను మాట. దీని తల్లి లాటిన్ భాష. ఆ భాషలో మోస్ అనగా వాడుక, ఆచారము. దాని బహువచనము మోరేస్. రోమనులకు పూర్వులనుండి వచ్చిన మోరేస్ మీద గౌరవము మెండు. శాసనములో లేనిదైనను పెద్దల ఆచారములో నున్నచో వారికది శిరోధార్యము. అయితే తత్త్వశాస్త్రమునందు శీలవిచారణ చేయు భాగమునకు గ్రీకుభాషలో పేరున్నదిగాని లాటిన్‌లో విశేషణరూపమున పేరు లేకుండెను. క్రీ. పూ. 44లో సిసిరో విధిని గూర్చి వ్రాసిన చిన్న గ్రంథము నారంభించుచు ఈ లోపమును ప్రస్తావించెను. గ్రీకులు ఏథొస్ అనుదానిని తాము మోరేస్ అనుచున్నామనియు, భాషను పెంపుచేయు తలంపుతో ఆ శాస్త్రభాగమునకు మోరాలిస్ అను క్రొత్త మాటను పెట్టుట తగునని తాను తలంచుచున్నాననియు అతని మాటల తాత్పర్యము. ఆ మోరాలిస్ శబ్దమే ఫ్రెంచిభాషమీదుగా ఇంగ్లీషులో జొరబడి మోరల్ అయినది.

దీనివలన ఒక విషయము స్పష్టపడుచున్నది. మోరల్ అను మాట ఎథికల్ అను మాటకు తోబుట్టువు కూడ కాదు, దానికి అనువాదము. ఒక మనుష్యుడు, ఒకానొక సంవత్సరమున, ఒక భాషలోని మాటను వేఱొక భాషలోనికి తెచ్చుకొనవలసి వచ్చి దీనిని కల్పించెను. ఈ రెంటికిని పుట్టుకలోనే ఆకాశపాతాళముల భేదమున్నదని చెప్పువారు ఈ చరిత్రమును చూడవలెను. పుట్టుకను బట్టి భేదమేమైన నున్నచో అది యింతమాత్రమే: గ్రీకు మాట ఒక్కొక్కని శీలమువైపు కొంచెము మొగ్గును, లాటిన్ మాట జనసమూహపు వాడుకవైపు కొంచెము మొగ్గును. ఇంతలో మన కళాశాలలలో వినవచ్చు మొదటి సమాధానము దీనికి సరిగా తలక్రిందైనది.

ఇక మన సంస్కృతమువైపు చూతము. గ్రీకుల ఎథొస్ శబ్దమునకు మూలమైన ధాతురూపమే మన వేదములలోని స్వధా శబ్దమునకును మూలమని భాషాశాస్త్రజ్ఞులు చెప్పుచున్నారు. పితృదేవతల కర్పించునప్పుడు పలుకు స్వధా శబ్దమును మనమందఱ మెఱుగుదుము. కాని ఋగ్వేదమునందు స్వధా అనగా తన స్వభావము, తన వాడుక అను అర్థము గల ప్రయోగములు పెక్కులున్నవి. స్వ యనగా తనది. ధా యనగా ఉంచుకొనుట. తానై నిలుపుకొనినది స్వధా. గ్రీకుల మేతతావునకును, మన ఋషుల స్వధకును దూరపు చుట్టఱికము ఉండుట చదువరులకు వింత గొలుపక మానదు.

అంతకంటె వింతయైనది పాణినీయమున నున్నది. ఒక పనిని చేయువానిని తెలుపుటకు కొన్ని ప్రత్యయములు ఎప్పుడు వచ్చునో చెప్పుచు పాణిని మూడు కారణములను ఒక్క సూత్రములోనే కూర్చెను: తచ్ఛీలుడు, తద్ధర్ముడు, తత్సాధుకారి. ఈ మూటిని కాశికావృత్తి వివరించిన తీరును మేము తెలుగున చెప్పెదము. ఫలమును కోరక స్వభావముచేతనే ఆ పనికి పూనుకొనువాడు తచ్ఛీలుడు. తనకు అట్టి శీలము లేకున్నను, ఇది మా ధర్మము గదా యని పూనుకొనువాడు తద్ధర్ముడు. ఆ పనిని చక్కగా చేయువాడు తత్సాధుకారి. వ్యాకరణము చదువు పిల్లవానికి ఇది ప్రత్యయవిషయము మాత్రమే. నీతిని విచారించువానికి ఇందు ఒక శాస్త్రమే యున్నది. శీలము, ధర్మము, సాధుత్వము అను మూడును మూడు వేఱు వస్తువులని, ఒకటి యున్నచోట మఱియొకటి యుండవలసిన నిర్బంధము లేదని ఆ వైయాకరణులకు తెలిసియుండెను.

అందును రెండవదానికి వృత్తికారుడిచ్చిన యుదాహరణము గమనింపదగినది. శ్రావిష్ఠాయనులను ఒక వంశమువారు పెండ్లియైన వధువునకు తల గొఱుగుదురట. వారికి గొఱుగుటయందు ప్రీతి యున్నదని కాదు. గొఱుగుట మంచిదని విచారించి తెలిసికొనిరని కాదు. అది తమ వంశపు ఆచారము, అంతే. వృత్తికారుడు ఇక్కడ ధర్మమను మాటకు ఆచారమనియే అర్థము చెప్పెను. ఆ వధువునకు అది ఇష్టమా కాదా యను ప్రశ్న వ్యాకరణమున రాదు. కాని మన యిండ్లలో నిన్న మొన్నటివఱకు భర్తను కోల్పోయిన పడుచుల తలలు గొఱిగించినప్పుడు సైతము ఆ ప్రశ్న రాలేదు. అక్కడ రావలసియుండెను.

ఇప్పుడు మూడు భాషలను ఒకచోట చేర్చి చూతము. గ్రీకున అలవాటు, లాటిన్‌న వాడుక, సంస్కృతమున ఆచారము: మంచి నడవడిని తెలుపు మాటలు మూడు చోట్లను వాడుకను తెలుపు మాటలనుండియే వెడలినవి. కావున వాడుకయే మంచి, వాడుకకు విరుద్ధమైనదే చెడ్డ యని తేల్చుకొనవచ్చునా? అట్లు తేల్చుకొనినవారు పూర్వమునుండియు నున్నారు. హెరొడోటస్ అను గ్రీకు చరిత్రకారుడు తన మూడవ సంపుటమున నొక కథ చెప్పెను. పారసీక చక్రవర్తియైన డేరియస్ తన కొలువునందున్న గ్రీకులను పిలిచి, ఎంత ధనమిచ్చినచో మీరు చనిపోయిన తండ్రులను భక్షింతురని యడిగెనట. ఎంత యిచ్చినను ఆ పని చేయమని వారనిరి. పిమ్మట కల్లతీయులను భారతీయజాతివారిని పిలిచి, వారి యాచారము తండ్రుల శవములను భక్షించుటయే కాన, ఎంత ధనమిచ్చినచో మీరు వారిని దహింతురని యడిగెనట. వారు చెవులు మూసికొనదగిన మాట విన్నట్లు కేకలు వేసిరట. ఆచారమే అందఱకును రాజని హెరొడోటస్ ఆ కథను ముగించెను.

ఈ కథను చదివి, ఇక మంచిచెడ్డలు లేనేలేవు, దేశమున కొక వాడుక గలదు, అంతే యని యూరకుండువారు గలరు. వారు కథను సగమే చదివినవారని మా యభిప్రాయము. ఇరువురి యాచారములును వేఱైనను, ఇరువురును ఆచరించుచున్న దొక్కటియే కాదా? తండ్రి శరీరమును అగౌరవముగా పాఱవేయరాదు. ఒకరికి అగ్ని గౌరవము. ఒకరికి తమ దేహమే తండ్రికి సమాధి. వాడుక వేఱు, వాడుకలో దాగిన యుద్దేశము వేఱు. వాడుకను మాత్రమే చూచువానికి ఇద్దఱును ఒకరికొకరు పాపాత్ములు. ఉద్దేశమును చూచువానికి ఇద్దఱును పుత్రులే.

ఇక్కడ సంస్కృతజ్ఞులు ఒక యాక్షేపణము చేయవచ్చును, అది న్యాయమైనది. మాట పుట్టుకను బట్టి మాట యర్థమును నిర్ణయింపరాదు గదా! వీణను చక్కగా వాయించువాడు మొదట ప్రవీణుడు. ఇప్పుడు వంటలో ప్రవీణుడు, లెక్కలలో ప్రవీణుడు. దర్భను చేయి తెగకుండ కోయగలవాడు మొదట కుశలుడు. ఆవులను వెదకుట మొదట గవేషణము. నేడు గ్రంథాలయమున కూర్చుండి చేయునది కూడ గవేషణమే. యోగమువలన వచ్చిన యర్థము వేఱు, రూఢివలన వచ్చిన యర్థము వేఱు అని మన శాస్త్రములే ఘోషించుచున్నవి. బురదలో పుట్టిన వన్నియు పంకజములు కావు. తామర యొక్కటియే పంకజము. అట్లే వాడుకయైన వన్నియు మోరల్ కావు.

ఆక్షేపణమును మేమంగీకరించుచున్నాము. అంగీకరించుటయే కాదు, మా వాదమునకు దానినే ఆధారము చేసికొనుచున్నాము. మోరల్, ఎథికల్ అను మాటలు ఆచారమను బురదలోనుండి పుట్టినవే. కాని నేడవి ఆ బురదను మించి పైకి లేచినవి. ఇది దురాచారము అని మనము చెప్పగలుగుటయే దీనికి సాక్ష్యము. ఆచారమే కొలబద్ద యైనచో దురాచారమను మాట పుట్టదు. కొలబద్దను దేనితో కొలుతుము? తెలుగున ఆ మాట యున్నది, అందఱకును తెలియును. కావున ఆచారమును కొలుచు కొలబద్ద వేఱొకటి యున్నదని మన భాషయే యొప్పుకొన్నది.

అయినను ఆచారమును తేలికగా చూడరాదు. సంస్కారమను పేరుతో వాడుకలనన్నిటిని నెట్టివేయవలెనని కొందఱు యువకులు తొందరపడుదురు. అరిస్టాటిల్ చెప్పిన మాట ఇక్కడ వారికి పనికివచ్చును. మేము ఇన్ని యేండ్లుగా బడిలో చూచుచున్నదియు అదియే. సత్యము పలుకవలెనను వాక్యమును పలకమీద నూఱుమాఱులు వ్రాసిన పిల్లవానికి అక్షరములు కుదురునుగాని సత్యము కుదురదు. తప్పు చేసి, నిజము చెప్పి, దానివలన కొంత నష్టపడి, అయినను గౌరవము కోలుపోక బయటపడిన పిల్లవానికి సత్యము కుదురును. అట్టి యనుభవము పలుమాఱులు కలుగవలెను. అది యింటిలోను, వీథిలోను, బడిలోను వాడుకయై యుండవలెను. మంచి వాడుక లేని యూరిలో మంచివాడు ఒంటరివాడు. ఆచారము శీలమునకు దాది. దాది లేక శిశువు బ్రదుకదు. కాని శిశువు పెరిగిన తరువాత కూడ దాది చెప్పినదే వేదమనుట తగదు.

మఱి ఆచారమును కొలుచుట యెట్లు? ఈ ప్రశ్నకు మన పూర్వులు సమాధానము చెప్పకపోలేదు. ధర్మమునకు వేదము, స్మృతి, సదాచారము, ఆత్మతుష్టి యని మనువు నాలుగు ప్రమాణములు చెప్పెను. ఆచారమని యూరకయనక సదాచారమనుట మేలే. కాని సత్ అను విశేషణమునకు అర్థమేమి యని చూచినచో, సరస్వతీ దృషద్వతుల నడిమి దేశమున పరంపరగా వచ్చిన యాచారమే సదాచారమని అదే స్మృతి చెప్పుచున్నది. అనగా మంచి యాచారమేదన్న ప్రశ్నకు ఫలాని చోటి యాచారమని జవాబు. ప్రశ్న తిరిగి మొదటికే వచ్చినది.

మీమాంసకులు ఇంతకంటె లోతుగా పోయిరి. స్మృతియు ఆచారమును ఎంతవఱకు ప్రమాణములని జైమిని మొదటి యధ్యాయపు మూడవ పాదమున విచారించెను. యజ్ఞశాలలో ఔదుంబరీ యను మేడిస్తంభమును తాకవలెనని శ్రుతి చెప్పుచున్నది. దానినంతయు వస్త్రముతో చుట్టివేయవలెనని ఒక స్మృతి చెప్పుచున్నది. అంతయు చుట్టినచో తాకుట యెట్లు? కావున ఆ స్మృతి త్రోసివేయదగినది. ఆ వాడుక అసలెట్లు వచ్చినదని భాష్యకారుడైన శబరస్వామి ప్రశ్నించుకొని, ఋత్విక్కులలో నెవరికో ఆ వస్త్రముమీద లోభము కలిగియుండునని సమాధానము చెప్పెను. ఆచారమున కొక లౌకికమైన హేతువు, ఒకరి లాభము, కన్నులకు కనబడుచున్నప్పుడు దానికి వేదమూలమును ఊహింపబనిలేదని ఆయన సిద్ధాంతము.

సంఘసంస్కరణమును గూర్చి వ్రాయబడిన పెక్కు గ్రంథములకంటె ఈ చిన్న యధికరణము విలువైనదని మేము తలంచెదము. ఏ యాచారమైనను మన యెదుటికి వచ్చినప్పుడు అడుగదగిన ప్రశ్న యేదో అది నేర్పుచున్నది: ఆ గుడ్డ చివరకు ఎవరి యింటికి పోవుచున్నది? బాల్యవివాహమువలన ఎవరికి సుఖము? విధవను మూల కూర్చుండబెట్టుటవలన ఆస్తి ఎవరికి మిగులును, చాకిరి ఎవరికి దక్కును? వరకట్నము ఏ పెట్టెలో పడుచున్నది? లాభము ఒకరిది, భారము ఒకరిది యై, ఆ భారము మోయువారికి నోరు లేకున్నచో, అది ఎంత పురాతనమైనను సదాచారము కాజాలదు.

వితంతువివాహముల చరిత్రము దీనికి దృష్టాంతము. ఈశ్వరచంద్ర విద్యాసాగరులు పరాశరస్మృతిని చేతబట్టి వాదించిరి. 1856లో చట్టము వచ్చెను. చట్టము వచ్చిన 25 సంవత్సరములకు, 1881 డిసెంబరు 11న, రాజమహేంద్రవరమున కందుకూరి వీరేశలింగము పంతులుగారు తెలుగుదేశమున మొదటి వితంతువివాహమును జరిపించిరి. ఆ నడుమ కాలమున చట్టము లేకపోలేదు, శాస్త్రవచనము లేకపోలేదు. మోరేస్ మాత్రము అడ్డుగా నిలిచెను. పంతులుగారిని వెలివేసినవారందఱును దుష్టులని మేమనము. వారిలో అబద్ధమాడనివారు, అప్పు ఎగవేయనివారు, అతిథిని పస్తుంచనివారు ఎందఱో యుందురు. లాటిన్ వారి యర్థమున వారందఱును మోరల్ మనుష్యులే. వారికి లేనిదొక్కటి: తమ యాచారమును ఆ పన్నెండేండ్ల పిల్ల యొక్క కన్నులతో చూచుట. ఆ చూపు కలిగినవాడే శీలవంతుడు. ఆచారవంతుడు శీలవంతుడు కావచ్చును, కాకపోవచ్చును.

ఇక ఇంగ్లీషుభాషలో ఈ రెండు మాటలు క్రమముగా వేఱ్వేఱు పనులలో కుదురుకొనుటను చూతము. మోరల్ అనునది ముందుగా జనసామాన్యమున దిగి, కథ చివర చెప్పు నీతికి సైతము పేరైనది. మన చిన్నయసూరి 1853లో నీతిచంద్రిక యని పేరుపెట్టినప్పుడు నీతిశబ్దము చేసిన పనియే యిది. నీతి యనగా నడపునది. నడచుటనుండి నడవడి, నడపుటనుండి నీతి. ఎథికల్ అనునది చిరకాలము పండితుల మాటగానే యుండెను. 1803లో మాంచెస్టరు వైద్యుడైన థామస్ పెర్సివల్ వైద్యుల నడవడిని గూర్చి మెడికల్ ఎథిక్స్ అను గ్రంథమును ప్రకటించెను. 1847లో అమెరికా వైద్యసంఘమువారు దాని నాధారము చేసికొని తమ నియమావళిని వ్రాసికొనిరి. పిమ్మట న్యాయవాదులు, ఎంజినీరులు, పత్రికలవారు, తుదకు వర్తకసంఘములవారు సైతము తమ తమ నియమావళులకు ఈ పేరే పెట్టుకొనిరి. ఎథికల్ అనగా వృత్తినియమము అను భావము మన విద్యార్థులలో పాతుకొనుటకు కారణమిదియే.

తత్త్వవేత్తలును ఈ మాటలను ఒక్క తీరున వాడలేదు. కాంటు 1785లో వ్రాసిన గ్రంథమున నీతికి ఆచారము మూలము కాజాలదని వాదించెను. కాని ఆ గ్రంథపు జర్మను పేరులోనే ఆచారమను అర్థము గల సిట్టెన్ అను మాట యున్నది. హెగెలు 1821లో ఒకని మనస్సాక్షికి సంబంధించినదానికి లాటిన్ మూలమైన మాటను, కుటుంబములోను సంఘములోను రాజ్యములోను రూపుదాల్చినదానికి జర్మను మాటను పెట్టెను. బెర్నార్డ్ విలియమ్స్ 1985లో, ఎట్లు బ్రదుకవలెనను విశాలప్రశ్నకు ఎథికల్ అనియు, దానిలో విధినిషేధములకే ముడిపడిన యిఱుకు భాగమునకు మొరాలిటీ యనియు పేళ్లు పెట్టెను. మువ్వురును మహాబుద్ధిమంతులే; మూడు దారులును వేఱు. కావున ఈ రెండు మాటల నడుమ రాతిగోడ యున్నదని విద్యార్థులకు బోధించుట సత్యము కాదు. ఏ గ్రంథకర్త ఏ కంచెను వేసెనో చూచి, ఆ గ్రంథములో ఆ కంచెను పాటింపవలెను.

అయితే వాడుకలో ఏర్పడిన భేదమువలన ఒక యపాయము కలుగుచున్నది. వృత్తినియమము కాగితముమీద వ్రాయబడినది గనుక, కాగితము నిండినచో నీతి నిండినట్లే యను భ్రమ కలుగుచున్నది. పూర్వము ఆచారము చేసిన పనిని నేడు పత్రము చేయుచున్నది. 2009లో అప్పటి ఆంధ్రప్రదేశమునందలి ఖమ్మము మండలములలో, గర్భాశయముఖమున వచ్చు క్యాన్సరును నివారించు టీకాను పరిశీలనార్థము సుమారు 14,000 మంది బాలికలకు వేసిరి. వారిలో పెక్కురు గిరిజనబాలికలు, వసతిగృహములలో నుండి చదువుకొనువారు. కొందఱు బాలికలు మరణించుటతో వివాదము చెలరేగి 2010 ఏప్రిలులో ఆ కార్యక్రమము నిలిపివేయబడెను. ఆ మరణములకు టీకా కారణమని తేలలేదు. న్యాయముగా ఆ మాటను చెప్పవలెను. కాని 2013లో పార్లమెంటు స్థాయీసంఘమువారు తమ నివేదికలో తప్పుపట్టినది వేఱొకదానిని. తల్లిదండ్రులు తెలిసి ఇయ్యవలసిన సమ్మతిపత్రములలో 2,000కు పైగా పత్రములమీద వసతిగృహపాలకులే సంతకములు చేసియుండిరి.

ఇక్కడ సమ్మతి యను నియమము లేకపోలేదు, పత్రములు లేకపోలేదు, సంతకములు లేకపోలేదు. లేనిది సమ్మతి. పిల్లల సంరక్షణ చేతనున్నవారు, బహుశః ఇది పైవారి యాజ్ఞ, ఎప్పుడును జరుగు రీతియే యని తలంచి, కలము నడపియుందురు. శ్రావిష్ఠాయనులకును వారికిని ఎంత భేదమున్నది? శీలము లేకున్నను, ఇది మా పద్ధతి గదా యని చేయుట రెండుచోట్లను ఒక్కటియే. ఆచారమును గ్రుడ్డిగా పాటించుటను మూఢత్వమనువారు నియమావళిని గ్రుడ్డిగా పాటించుటను నాగరకత యనుట తగునా?

ఇట్లనుటచే నియమావళులు వలదని మా యభిప్రాయము కాదు. అవి లేనిచో బలహీనునకు అడుగుటకు ఆధారమే యుండదు. ఖమ్మపు బాలికల విషయమున తప్పు తప్పని చూపగలిగినది కూడ ఆ వ్రాసిన నియమమే. 1856 చట్టము లేనిచో 1881లో ఆ దంపతుల సంతానమునకు రక్షణ యుండదు. నియమము అవసరము, వాడుక అవసరము. కాని ఈ రెండును మనుష్యుని బదులు ఆలోచింపజాలవు.

కావున మమ్ము ప్రశ్నించు విద్యార్థులకు మా సమాధానమిది. మోరల్ అనునది ఎథికల్ అనుదానికి అనువాదముగా పుట్టినది. రెండును వాడుకయను మూలమునుండి వచ్చినవే. నేటి ఇంగ్లీషున మొదటిది మంచిచెడ్డలనన్నిటిని, రెండవది విశేషముగా శాస్త్రవిచారణను వృత్తినియమములను తెలుపుచున్నది. పరీక్షకు ఇంతవఱకు చాలును. బ్రదుకునకు మాత్రము పాణిని చెప్పిన మూడు మాటలును ఒక్క మనుష్యునియందు కూడవలెను. ధర్మమని పదిమంది చెప్పినదానిని తానే విచారింపవలెను. విచారించి మంచిదని తెలిసినదానిని శీలమగువఱకు ఆచరింపవలెను. ఆచరించునప్పుడు దాని భారము ఎవరిమీద పడుచున్నదో చూచి చక్కగా చేయవలెను. మొదటిది మాత్రమే చేసినవాడు వాదములతోనే కాలము పుచ్చును. రెండవదానితో ఆగినవాడు మంచి యలవాటుగల యంత్రమగును. మూడవదానిని మఱచినవాని చేతిలో మంచి నియమము సైతము ఒకరి మెడకు ఉరియగును.